అమ్మ చెప్పని పేరు

ఆదివారం ఉదయం మహ్లెట్ కుర్చీ ఎక్కి, పొగ తగిలితే కూసే అలారానికి స్నానాల టోపీ తొడిగింది. ఎడ్మంటన్ అపార్ట్‌మెంట్‌లో కాఫీ గింజలు వేయించాలంటే వేరే దారి లేదు. పెళ్ళై మూడు నెలలే కాబట్టి ఆమెకి అదీ ఒక ముచ్చటే. గింజలు చిటపటమంటూ నల్లబడుతుంటే వాసన ముందుగదిలోకి పాకింది.

"గోడకి టోపీ పెట్టింది నా కోడలు. రేపు పెనానికి చెవిపోగులు పెడుతుంది," అంది సోఫాలోంచి అత్తగారు త్సెహాయ్‌నెష్.

"పెడతాను అత్తయ్యా. మీరు నవ్వుతానంటే ముక్కుపుడక కూడా పెడతాను."

ఆ ఇంట్లో ఎవరూ నవ్వి నెలైంది. ఆశ్రయం కోరుతూ అత్తగారు పెట్టుకున్న అర్జీని అధికారిణి కొట్టేసింది. సొంత దేశంలో సైనికులు భర్తని రాత్రి ఒంటిగంటకి తీసుకుపోయారని ఫారంలో ఉంది. విచారణలో ఆమె సాయంత్రం ఏడు అని చెప్పింది. రెండూ పొసగలేదు కనుక మనిషే నమ్మదగ్గది కాదని తేల్చారు.

ఇప్పుడు ఫెడరల్ కోర్టులో సమీక్ష కోరారు. జడ్జి ఆమె కథ మళ్ళీ వినడు. అధికారిణి న్యాయంగా తేల్చిందా లేదా అన్నదే చూస్తాడు. తప్పు దొరికితే ఇంకో విచారణ, లేదంటే తిరుగు విమానం. దుబాసీ ఎక్కడైనా మాట వదిలేశాడేమో చూడమని లాయరు విచారణ రికార్డింగు పంపింది. గురువారం గడువు. మహ్లెట్ భర్త బిరుక్ పది రోజులుగా దాన్ని ముట్టుకోలేదు.

"నాకు వినాలని లేదు," అన్నాడు బిరుక్ కాఫీ కప్పు అందుకుంటూ. "ఫారం చదువుకోమ్మా, చదువుకోమ్మా అని వందసార్లు మొత్తుకున్నాను. అక్కడికెళ్ళి ఇంకోటి చెప్పొచ్చింది."

"అవున్నాయనా, నాకు మతి ఉండటం లేదు," అంది తల్లి. "వదిలెయ్యండి. మన దేశంలో, డెస్సీలో చెల్లెలుంది. పోతాను."

ఆ మాట ఆమె అలసటగా, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది. మహ్లెట్ ల్యాప్‌టాప్ తీసుకుని పడగ్గదిలో మంచం మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. గంటన్నర తరవాత బయటికి వచ్చింది.

"బిరుక్, ఇలా రా. ఫారంలోకి రాయాల్సినవి అత్తయ్య నీకు చెప్పింది ఫోన్లోనా?"

"వాయిస్ మెసేజిల్లో. విని టైపు చేశాను. ఏం?"

"సాయంత్రం ఒంటిగంట అందా?"

"అంది. రాత్రి ఒంటిగంట అని కొట్టాను."

"మన దేశంలో గంటలు ఎప్పట్నుంచి లెక్కపెడతాం?"

బిరుక్ రెండో కప్పు పెదవుల దగ్గరే ఆగింది. పొద్దు కుంకిన తరవాత మొదటి గంట, ఒంటిగంట. ఇక్కడివాళ్ళకి అది ఏడు, విచారణలో దుబాసీ అలాగే మార్చి చెప్పాడు. పన్నెండేళ్ళుగా ఇక్కడి గడియారంతోనే నిద్రలేస్తున్న మనిషి, అమ్మ చెప్పిన అంకెని ఉన్నదున్నట్టు దింపేశాడు.

"నెల రోజులుగా ఆవిణ్ణి దెప్పుతున్నావు," అంది మహ్లెట్. "ఇది విను."

ఫారంలో ఒంటిగంట అని ఎందుకుందని అధికారిణి అడిగాక, స్పీకరులో తల్లి గొంతు వినిపించింది. 'రెండూ ఒకటేనమ్మా, మేము పొద్దు కుంకినప్పట్నుంచి లెక్కపెడతాం.' దుబాసీ అందులో సగమే చెప్పాడు: రెండూ ఒకటేనట. అధికారిణి నిట్టూర్చింది. 'ఈ ఫారం ఎవరు నింపారు?' మళ్ళీ తల్లి గొంతు. 'నేనే. నాకు మతిమరుపు.'

బిరుక్ తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు.

"నేను రాశానని చెబితే ఏం పోయేదమ్మా?"

"ఆ అధికారిణి ఎదురుగా జెండా పెట్టుకుని కూర్చుంది. చేతిలో కలం ఉంది. ఎవరు రాశారంది." ఆమె కొంగుతో కాఫీ మరక తుడుస్తూనే ఉంది. "తప్పు కాగితం రాశాడని నీ కాగితాలు లాక్కుంటే? మొన్ననేగా పెళ్ళయింది. మన దగ్గర ఎవరి పేరు చెబితే వాణ్ణేగా తీసుకుపోతారు. మీ నాన్న పేరు కూడా ఎవరో అలాగే ఓ గదిలో కూర్చుని చెప్పారు."

బిరుక్ ఆమె మోకాళ్ళ మీద తల పెట్టాడు. మహ్లెట్ లాయరుకి ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా స్పీకరులో పెట్టింది.

"దుబాసీ మాట వదిలేయడం మంచి అంశమే," అంది లాయరు. "రికార్డింగుకి ధ్రువీకరించిన అనువాదం తెప్పిస్తాను. ఫారం తనే నింపానని మీ ఆయన ప్రమాణపత్రం ఇవ్వాలి. జడ్జి ఒప్పుకుంటారని మాటివ్వలేను. గెలిచినా మళ్ళీ మొదటికే, ఇంకో గదిలో ఇంకో విచారణ."

"మళ్ళీనా," అంది త్సెహాయ్‌నెష్. కళ్ళు మూసుకుంది. "మళ్ళీ అదంతా చెప్పాలా?"

"ఈసారి నేను పక్కన కూర్చుంటానమ్మా," అన్నాడు బిరుక్. ల్యాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నీ పేరు రాయకురా."

"రాయాలి. తప్పు నాది."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు, రెండో చేత్తో టైపు చేయడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీదికి వంగింది.

"నీ పేరు పక్కన మీ నాన్న పేరు కూడా పడుతుందా?"

"మనవాళ్ళ పేరు అంతేగా అమ్మా, మన పేరు తరవాత నాన్న పేరు. బిరుక్ గెటాహున్."

ఆమె చాలాసేపు ఆ అక్షరాలను చూసింది. తరవాత రెండు చేతులతో టైపు చేసుకొమ్మని, కొడుకు చెయ్యి వదిలేసింది.