మూడో మండలం

"బండి చెయ్యమంటే రథం చేశారేంటి?"

శ్రావణ మాసపు వానలో సగం తడిసి వచ్చిన ఆ అమ్మాయి విగ్రహాల దుకాణం గడప మీద నిలబడి అన్న మొదటి మాట అది. ఆమె చంకలో బొద్దుగా ఒక గోధుమరంగు కుక్క. రెండో చేతిలో, అంతకు రెండు రోజుల ముందు సువర్ణ పంపించిన చక్రాల బండి.

సువర్ణ శాక్య నేపాల్‌లోని పాటన్‌లో తరతరాలుగా బుద్ధ విగ్రహాలు చేస్తున్న కుటుంబంలో పుట్టినవాడు. చేతికి రాగి దొరికితే అంచున నాలుగు తామర రేకులు చెక్కకుండా ఉండలేడు. వెనక కాళ్ళు చచ్చుబడిన కుక్కకు రెండు చక్రాల బండి కావాలని ఎవరో ఫోన్ చేసి అడిగితే, చేసి పంపాడు. రేకులతో సహా.

"బాగాలేదా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది. మఛ్ఛింద్రనాథుడి రథమే. ఇది కదలాలంటే తాళ్ళు కట్టి వందమంది లాగాలి. మా భుంటి ఒక్కతే కదా, దాయ్!"

ఆ ఊళ్ళో కూరగాయలమ్మేవాడి నుంచి బస్సు డ్రైవరు దాకా అందరూ దాయ్‌లే, అందరూ అన్నయ్యలే. అయినా ఆ రోజు ఆ పిలుపు సువర్ణకు ఎందుకో రుచించలేదు.

ఆమె పేరు జును. దెబ్బతిన్న వీధికుక్కల్ని తెచ్చి సాకే చోట పనిచేస్తుంది. దీపావళి రోజుల్లో వచ్చే తిహార్ పండుగ దాటేలోగా ఖాళీ చెయ్యమని స్థలం యజమాని చెప్పాడు. కుక్కలన్నిటికీ ఇళ్ళు దొరికాయి, భుంటికి తప్ప. మోటారు సైకిలు గుద్ది నడుము విరిగింది దానికి. రోజుకు మూడుసార్లు ఎవరో ఒకరు పొట్ట కింద నొక్కి మూత్రం పోయించాలి.

"ఫర్పింగ్ కొండ మీద ఒక శరణాలయం ఉంది. బతికినంతకాలం చూసుకుంటారు. కాకపోతే దశైం పండుగలోగా ఇది బండి మీద సొంతంగా నడవాలట" అంది జును.

"నడుస్తుంది. వచ్చే శనివారం రండి."

రాగి పోయి అల్యూమినియం వచ్చింది. రేకులు పోయాయి. శనివారాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి.

"ఈసారి ఎడమ చక్రం వంకర పోతోంది, దాయ్."

"చూస్తాను. టీ తాగండి."

"విగ్రహానికి కళ్ళు దిద్దడానికి ఒక్క పూట చాలంటారు. ఒక బెల్టుకి మూడు వారాలా?"

"విగ్రహం కదలదు కదండీ. మీ భుంటి నిలవదు."

ఆమె నవ్వేది. బయట వాన పడుతుంటే, తగ్గాక వెళదామని కూర్చునేది. తగ్గాక కూడా కాసేపు కూర్చునేది. భుంటి అతని సుత్తి పిడిని కొరుకుతూ పడుకునేది.

దశైం, వాళ్ళ దసరా, వెళ్ళిన మూడో రోజున జును ఒంటరిగా వచ్చింది. కూర్చోలేదు.

"శరణాలయం వాళ్ళు ఆ చోటు ఇంకో కుక్కకి ఇచ్చేశారు. గడువు దాటిందట."

సువర్ణ చేతిలో పని ఆపాడు. చెప్పకుండా ఉంటే ఆమెకు ఎప్పటికీ తెలియదు. అది అతనికీ తెలుసు.

"బండి మొదటి నెలలోనే సరిగ్గా కుదిరింది. ఆ తర్వాత మరలు వదులు చేసింది నేనే."

"ఎందుకు?"

"అయిపోతే మీరు రారు కదా అని."

ఆమె గడప మీదికి వెనక్కి జరిగింది.

"నేను రావడం కోసం దాని ఇల్లు పోగొట్టారా?"

వెళ్ళిపోయింది. ఆ రోజు దాయ్ అనలేదు. కొత్తగా ఆ పిలుపు లేకపోవడమే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

ఆ మరునాటి నుంచి సువర్ణ తెలిసినవాళ్ళ ఇంటికీ తెలియనివాళ్ళ ఇంటికీ తిరిగాడు. అయ్యో అన్నవాళ్ళు చాలామంది. తిహార్‌లో రెండో రోజు, కుక్కల పండుగనాడు కొందరు వచ్చి భుంటి మెడలో బంతిపూల దండ వేసి, నుదుట బొట్టు పెట్టి, ఫోటోలు దిగి వెళ్ళారు. చివరికి తల్లిని అడిగాడు.

ఆమె వత్తులు చేసుకుంటోంది. తలెత్తలేదు.

"మీ నాన్న మంచాన పడ్డ రెండేళ్ళూ ఈ చేతులతోనే తిప్పాను, ఈ చేతులతోనే తుడిచాను. ఇంక నావల్ల కాదురా. అడగకు."

అతను మళ్ళీ అడగలేదు.

ఎవరి దేహానికి వాళ్ళు పూజ చేసుకునే రోజు వచ్చింది. ఇంట్లో మనిషికొక మండలం ముగ్గులా నేల మీద వేసి, దాని ముందు కూర్చుని దీపం వెలిగించుకుంటారు. తండ్రి పోయాక ఏడాది మైలలో ఆ పూజ చెయ్యలేదు. ఆయన లేకుండా ఇదే మొదటిసారి.

మధ్యాహ్నం జును భుంటిని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. సువర్ణే ఫోన్ చేసి బతిమాలాడు: సామాను ఖాళీ చేసుకునేదాకా మా ఇంట్లో ఉంచండి, అని.

"సాయంత్రం వచ్చి తీసుకెళతాను."

"రేపటి నుంచి?"

"తెలీదు. మా ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి. వాటికి కనీసం మూడేసి కాళ్ళున్నాయి. నేను పనికి పోతే మధ్యాహ్నం దీని పొట్ట నొక్కేదెవరు?" అని ఆగింది. "మీతో ఇంకా మాట్లాడటం లేదు. ఊరికే చెబుతున్నా."

సువర్ణ పూజకు అక్రోటు కాయల కోసం బజారుకు వెళ్ళి వచ్చేసరికి పూజగది ముందు భుంటి మూలుగు వినిపించింది. గబగబా లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరే ఆగిపోయాడు.

తల్లి నేల మీద కూర్చుని ఉంది. ఒక చెయ్యి కుక్క నడుము కింద, ఒక చెయ్యి పొట్ట మీద. మెల్లగా నొక్కుతోంది.

"అయిపోయింది, అయిపోయింది. సిగ్గెందుకు? నా దగ్గర సిగ్గెందుకు?"

అవి నాన్నతో అన్న మాటలు. అప్పుడూ ఇదే గొంతు.

ఆమె వెనక్కి తిరక్కుండానే అంది: "ఆ పాతగుడ్డ అందుకో. చూస్తావేం గుడ్లప్పగించి?"

పొద్దు వాలుతుండగా స్నానం చేసి వచ్చి, అలికిన నేల మీద ఆమె మండలాలు వేసింది. పిండితో గీతలు, మధ్యలో బియ్యం, మఖమలి పూలు. ముప్పై ఏళ్ళుగా వేసిన చెయ్యి. వేసి నిలబడి చూసుకుంది.

మూడున్నాయి.

ఇంట్లో మనుషులు ఇద్దరే.

సరిగ్గా అప్పుడే జును వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె కూడా నేల మీద మూడు మండలాలూ చూసింది. వేసిన మండలాన్ని చెరపరు. ఖాళీగానూ వదలరు.

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. జరిగి, మొదటి మండలం ముందు కూర్చుంది. అన్నేళ్ళూ భర్త కూర్చున్న చోటు.

"నువ్వు రెండోదాని ముందు కూర్చో" అంది కొడుకుతో. తర్వాత భుంటి వైపు చూసింది. "దాన్ని మూడోదాని ముందు కూర్చోబెట్టు. పూలు తినకుండా చూడు."

జును గుమ్మం పట్టుకుని అంది: "అమ్మా, ఒక నెలా రెండు నెలలా అయితే మళ్ళీ దానికి బెంగ. బతికినన్నాళ్ళూ ఉండాలి."

"మండలం ముందు కూర్చున్నవాళ్ళు ఇంటివాళ్ళమ్మా. ఇంటివాళ్ళని ఎన్నాళ్ళుంటావని ఎవరైనా అడుగుతారా?"

మూడు పొడుగు వత్తులు వెలిగాయి. వరుసలో ఒకరు కూర్చున్నాక పూజ పూర్తయ్యేదాకా లేవకూడదు. భుంటికి ఆ బాధే లేదు. అక్రోటు మాత్రం కరకరా నమిలింది. జును గుమ్మంలో నిలబడి ఏడుస్తూ నవ్వింది. ఎన్ని నెలలైందో, భుజాలు దించి నిలబడింది.

పూజ అయ్యాక సువర్ణ ఆమెను సాగనంపడానికి మెట్ల దాకా వచ్చాడు.

"కోపం పోయిందా?"

"లేదు. భుంటి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. దానికిప్పుడు నాలుగేళ్ళే. రోజూ వచ్చి కోప్పడతాను."

"శనివారాలు చాలవా?"

"చాలవు." ఆమె చెప్పు తొడుక్కుంటూ అంది: "రేపు భాయ్‌టీకా. కీర్తిపూర్ రండి, మా ఇంటికి."

అన్నదమ్ములకు అక్కచెల్లెళ్ళు బొట్టుపెట్టే పండుగ. సువర్ణ మెట్టు మీదే ఆగాడు. "బొట్టు పెట్టించుకోవడానికా?"

"మా తమ్ముడికి పెడతాను. నువ్వు భోజనానికి రా." మొదటిసారి నువ్వంది. "దాయ్ అన్నవన్నీ వెనక్కి తీసుకున్నాను. మా ఇంట్లోనూ పూజ, మా అమ్మ నాకోసం వత్తి పట్టుకుని కూర్చుని ఉంటుంది, పోతున్నా."

లోపలి నుంచి తల్లి గొంతు వినిపించింది.

"ఆ తలుపు వెయ్యరా, గాలికి దీపాలారిపోతాయి. ఆ అమ్మాయిని చూసుకుని దిగమను. వచ్చే ఏడు నాలుగు వేస్తాను. అది మాత్రం మరిచిపోయి వేసింది కాదని చెప్పు."