సోమవారం ఎర్ర గడులు

"ఇస్పేటు ఆసు చేతిల పెట్టుకోని సున్నా అంటరా ఎవరన్న?"

శేఖర్‌తో వాసంతి అన్న మొట్టమొదటి మాట ఇది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, చాయ్ తాగుతారా అని కూడా అనలేదు.

తప్పు అతనిదే. ఈ ఆటలో ప్రతి చుట్టులో పెద్ద ముక్క వేసినవాడిదే పట్టు; ఎన్ని పట్లు పడతారో ముందే చెప్పాలి. సున్నా అన్నవాడు ఒక్క పట్టు కూడా పట్టకూడదు. ఇస్పేటే తురుపు, దాని ఆసును కొట్టే ముక్క పేకలోనే లేదు. అది చేతిలో ఉందంటే వద్దన్నా ఒక పట్టు వచ్చి ఒళ్లో పడుతుంది. అది పట్టుకుని సున్నా అనడమంటే, గొడుగు లేకుండా వానలోకి దిగి తడవనని పందెం కాయడమే.

"నాకు రమ్మీ ఒక్కటే వస్తదండి," అన్నాడు శేఖర్.

"రోజంతా జనాల కళ్లు చూస్తరంట గదా. మీ పత్తాలు మీకే కనవడలేదా?"

శేఖర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తాడు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, కర్మన్‌ఘాట్‌లో గుండయ్య ఇంటి పైపోర్షన్‌లో కిరాయికి దిగి అప్పటికి నాలుగు రోజులే. గుండయ్య ఒకప్పుడు పోచంపల్లిలో మగ్గం నేసిన మనిషి, ఇప్పుడు చీరల దుకాణం యజమాని. ఆదివారం నాలుగయ్యిందంటే వరండాలో చాప పడాల్సిందే. గుండయ్య, పక్కింటి జానయ్య ఒక జట్టు. కూతురు వాసంతి, ఆమె పెదనాన్న కొడుకు హరిప్రసాద్ ఇంకో జట్టు. హరిప్రసాద్‌కు వరంగల్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఖాళీ జాగాలో కొత్త కిరాయిదారును కూర్చోబెట్టారు.

ఆ రోజు చిత్తుగా ఓడారు. ఓడితే వాసంతి అలగదు, రాసుకుంటుంది. దుకాణానికి చీరల డిజైన్లు గీసేది ఆమే. ఆ గ్రాఫ్ పుస్తకంలోనే ఒక్కో ఆటకు ఒక్కో పేజీ. ఎవరికి ఏ ముక్కలు వచ్చాయో పైన, ఎవరు ఏది వేశారో కింద పదమూడు వరుసల్లో. తప్పు వేసిన ముక్క ఉన్న గడిని ఎర్ర పెన్నుతో నింపుతుంది.

"నేత తప్పితే చీరను చూసుకుంట ఏడ్వొద్దు, గ్రాఫ్ చూడాలె," అనేది గుండయ్య చెప్పే మాట. "రేపు సాయంత్రం ఏడింటికి మెట్ల మీదికి రండి," అంది వాసంతి.

అట్లా మొదలయ్యాయి సోమవారాలు.

"గీ కళావరు రాజు ఎందుకేసినవ్? అప్పటికే పట్టు నాదే గదా."

"నీకు సాయం చేద్దామని."

"నేనడిగిన్నా?"

మూడో వారానికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. వాసంతి తల్లి లలితమ్మ వంటింట్లోంచి రెండు కప్పుల చాయ్ పంపేది. మెట్ల పైన రేకుల మీద వాన దడదడలాడుతుంటే వాసంతి ఇంకొంచెం దగ్గరికి జరిగి, ఇంకొంచెం గట్టిగా తిట్టేది. ఆ తిట్లు శేఖర్‌కు ఎంత తియ్యగా ఉండేవో చెప్పలేం.

మనవాడు నేర్చుకున్నాడు కూడా. ఏ ముక్కలు వెళ్లిపోయాయో గుర్తు పెట్టుకోవడం, ఆమె సున్నా అంటే తన పెద్ద ముక్కలు అడ్డం వేసి కాపాడడం, అన్నీ వచ్చాయి. ఎండాకాలంలో మొదలుపెట్టినవాడు బోనాల నాటికి గుండయ్యను రెండుసార్లు ఓడించాడు. విచిత్రమేమిటంటే, గెలిచినా ఎర్ర గడులు మాత్రం తగ్గలేదు. శేఖర్‌కు అదీ సంతోషమే. ఎరుపు ఎంత ఎక్కువైతే సోమవారం అంత పొడుగు.

అంతలో హరిప్రసాద్ మళ్లీ హైదరాబాద్ వచ్చేశాడు. వచ్చిన ఆదివారమే చాప దగ్గర నిలబడి, "నా జాగ నాకిస్తరా చిన్నాయినా?" అన్నాడు.

శేఖర్ లెక్క వేసుకున్నాడు. జాగా పోతే సోమవారం పోతుంది. సోమవారం పోతే, నీళ్ల మోటరు వెయ్యమని చెప్పడానికి తప్ప అతను కిందికి దిగే పని ఉండదు.

"ఎవని జాగనో బుక్కే చెప్తది," అన్నాడు గుండయ్య. "తప్పులు తక్కువున్నోడే కూసుంటడు."

"బుక్కెందుకు బాపూ..." వాసంతి పుస్తకం వెనక్కి లాక్కోబోయింది. కానీ ఆయన అప్పటికే కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

హరిప్రసాద్‌వి వరంగల్ పోకముందు మూడు నెలల్లో తొమ్మిది తప్పులు. శేఖర్‌వి ఒక్క కిందటి నెలలోనే పద్నాలుగు.

శేఖర్ లేచి నిలబడ్డాడు. ఇక చెప్పులేసుకోవడమే మిగిలింది. "ఏడికి పోతున్నవ్? ఇటు రా," అన్నాడు గుండయ్య, పేజీ మీద వేలు పెట్టి. "ఇది ఆఠీన్ల పట్టు. నువ్వు రాణి ఏసినవ్. తప్పని ఎర్రగ నింపింది. ఆ ఆటల నీకు ఆఠీన్లు ఎన్నొచ్చినయో పైన చూడు."

శేఖర్ చూశాడు. "ఒక్కటే అంకుల్. ఆ రాణే."

"ఏ రంగు ఆడితే ఆ రంగే ఎయ్యాలె గదా. ఉన్న ఒక్కదాన్ని ఎయ్యక జేబుల పెట్టుకుంటవా?"

పేజీలు తిరిగాయి. గుండయ్య పద్నాలుగు గడులూ చూశాడు. "నలభై ఏండ్లు గ్రాఫ్ చదివిన. ఇందుల ఒక్క తప్పు గూడ నిజం తప్పు గాదు."

శేఖర్‌కు కోపం, బాధ ఒక్కసారే వచ్చాయి. "మీ అన్న వస్తుండని ముందే తెలుసా నీకు? నన్ను ఆటలకెల్లి లేపెయ్యనీకే రాసినవా?"

వాసంతి భగ్గుమంది. "లేపాలంటే ఆదివారమే లేపేదాన్ని. సోమవారం గంట సేపు ఎందుకు కూసోబెట్టుకుంట? తప్పులు లేవంటే ఏం పని పెట్టుకోని కిందికి దిగుతవ్ నువ్వు?"

అని, అందరి ముందూ ఏమన్నదో అప్పుడు తెలిసొచ్చి, లోపలికి పోబోయి, పమిట కొస పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

శేఖర్ ఎంత తేలికయ్యాడంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గుండయ్య వదల్లేదు. "ఇది దొంగరాత రాసింది సరే. చూపించినప్పుడు నువ్వెందుకు అడగలె? కళ్లు చూసేటోనివి గదా?"

"బుక్కు చూడలేదంకుల్."

"నెల రోజులు బుక్కు ముందలేసుకోని ఏం చూసినవ్?"

అబద్ధానికి ఇది చోటు కాదనిపించింది శేఖర్‌కు. "వాసంతిని చూసిన అంకుల్. నాకు వాసంతి అంటే ఇష్టం."

జానయ్య ఫక్కున నవ్వాడు. వంటింట్లోంచి లలితమ్మ మొగుణ్ని దెప్పిపొడిచింది. "సోమవారం సోమవారం రెండు కప్పుల చాయ్ ఎవరికి పోస్తున్ననుకున్నవయ్యా? గా సంగతి తెల్వంది నీకొక్కనికే."

గుండయ్య కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది కానీ కాదనలేదు. ఆయన కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"మీ అమ్మ, నాయిన ఏం పేర్లు బిడ్డా?"

"మట్టయ్య, తిరుపతమ్మ."

"వచ్చే ఆదివారం రమ్మని చెప్పు. పత్తాలాటకు గాదు." చాప మీద కూర్చుంటూ పేక కలిపాడు. "నీ జాగల నువ్వు కూసో. హరిగా, నువ్వు నా ఎదురుంగ రా. జానయ్యకు ముక్కలు కనవడ్తలేవు. ఈ పిలగాని షాపుల అద్దాలు తెచ్చుకునేదాక నా జట్టుల నువ్వే."

మర్నాడు ఏడింటికి సన్నటి వాన. శేఖర్ మెట్లు దిగేసరికి వాసంతి పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని ఉంది.

"నిన్న ఆటల ఒక్క తప్పు గూడ లేదు నీది," అంది.

"మరి?"

వాసంతి కొంచెం పక్కకు జరిగి మెట్టు మీద చోటు చూపించింది.

"కూసో. చాయ్ వస్తది."