గాలి తీసిందెవరు?

"కొట్టు, ఇంకా కొట్టు!"

"కొడుతూనే ఉన్నాను ప్రొఫే. ఇటు ఎక్కిస్తుంటే అటు పోతోంది."

ఒస్మార్ పంపు వదిలేసి నడుం పట్టుకున్నాడు. నిల్సా సైకిలు రెండు టైర్లూ నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. పక్కనే ఆమె పిడికిలి బిగించుకుని నిలబడి ఉంది. నదిలో ఈత మొదలవడానికి ముప్పావు గంట కూడా లేదు. ఈత అయ్యాక సైకిలు, సైకిలు అయ్యాక పరుగు. మధ్యలో సైకిలే లేకపోతే ఇక పందెం ఎక్కడిది?

మెత్తబడ్డ టైర్లను చూసి మొదట ఎవరూ కంగారుపడలేదు. ఎన్‌కార్నసియోన్ ఊరి ఎండకు టైర్లు నిండుగా ఉంచితే పేలిపోతాయి. అందుకని ముందురోజు సాయంత్రం సైకిళ్ళు స్టాండులో అప్పగించేటప్పుడు అందరూ కొంచెం గాలి వదిలేస్తారు. పొద్దున్నే వచ్చి మళ్ళీ కొట్టుకుంటారు. ఈరోజు మాత్రం ఎంత కొట్టినా నిలవడం లేదు.

కోచ్ ఎలాదియో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఊళ్ళో సగం మందికి పరానా నదిలో ఈత నేర్పిన మనిషి. అందరికీ ఆయన ప్రొఫే, అంటే మాస్టారు. ముందు చక్రం వాల్వు తడిమి చూశాడు. వెనకది కూడా చూశాడు. లేచేటప్పుడు ఒస్మార్ భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

"లోపల గాలి ఆపే పిన్నులు లేవు," అన్నాడు. "రెండింటిలోనూ లేవు. ఎవరో తీసేశారు."

కంచె అవతల నుంచి న్యా సెఫే మెడ సాచింది. నెత్తి మీద చిపా రొట్టెల బుట్ట, ఒంటి మీద నీలం రంగు సురుబీ క్లబ్ చొక్కా. క్లబ్బులో అందరికంటే పెద్దది, పరుగులో అందరికంటే చివరిది.

"వాటంతట అవి ఊడిపోయాయేమో, చూడండయ్యా!"

"ఊడవు న్యా సెఫే. దానికో చిన్న కీ ఉండాలి." ఒస్మార్ నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. "ఆ కీ మన క్లబ్బులో ఒక్కడి దగ్గరే ఉంది."

అందరూ దెర్లిస్ వైపు చూశారు.

దెర్లిస్ భుజానికి పనిముట్ల సంచీ వేలాడుతోంది. క్లబ్బులో ఎవరి సైకిలుకు ఏమొచ్చినా ఆ సంచీయే దిక్కు. సరిహద్దు వంతెన దగ్గర కస్టమ్స్ ఆఫీసులో రోజంతా కాగితాలు చూసే అతనికి, సాయంత్రం నట్లు బిగించడమే విశ్రాంతి.

"పోయిన ఆదివారం ఇసుకలో నిలబడి అరిచింది నువ్వే కదరా?" ఒస్మార్ దగ్గరికొచ్చాడు. పశువుల డాక్టరు. ఎద్దుల మీద అరిచి అరిచి మనుషుల మీద కూడా అదే గొంతు. "ఈ పందెంలో దిగొద్దు నిల్సా అని?"

"అన్నాను."

"అది దిగి గెలుస్తుందని నీకంత కడుపుమంటా?"

"కడుపుమంట కాదు."

"మరేంటి?"

ఆ జవాబు ఏడాదిగా దాచుకుంటున్నాడు దెర్లిస్.

నిల్సాతో అతని పరిచయం మొదలైందే గొడవతో. ఓ పొద్దుటి ఈతలో ఆమె కాలు వచ్చి అతని ముక్కుకు తగిలింది. ఒడ్డున కూర్చుని రక్తం తుడుచుకుంటుంటే ఆమె వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నా కాలి వెనక నీ ముక్కుకేం పని?"

"దారి చూసుకుంటోంది."

"నదిలో దారేమిటి?"

"నువ్వెటు వెళ్తే అటే!"

ఆమె నవ్వింది. అంతే. ఆ నవ్వు కోసమే ఏడాదిగా వెనకాలే ఈదుతున్నాడు.

ఈమధ్య ఆ నవ్వు కనబడటం లేదు. ఆమె బడి పంతులమ్మ. ఉదయం ఒక జట్టు పిల్లలు, మధ్యాహ్నం ఇంకో జట్టు. తెల్లవారకముందే ఈత, రెండు జట్ల మధ్యలో పరుగు, సాయంత్రం సైకిలు. ఒకరోజు అందరూ గుండ్రంగా కూర్చుని తెరెరే అనే చల్లటి ఆకుల పానీయం ఒకే గ్లాసుతో వంతులేసి తాగుతుంటే, ఆమె తన వంతు గ్లాసు చేతిలో పట్టుకునే నిద్రపోయింది. తర్వాతి వంతు ఒస్మార్‌ది. చాపిన చెయ్యి చాపినట్టే పెట్టుకుని కూర్చున్నాడు తప్ప, లేపడానికి ఆ పశువుల డాక్టరుకు కూడా మనసు రాలేదు.

ఇంకోరోజు వాన. క్లబ్ ట్రక్కు వెనక సైకిళ్ళ మధ్య ఆమె పడుకుంది. చినుకులు మొహం మీద పడుతున్నా కదల్లేదు. దెర్లిస్ తన కోటు విప్పి, ఊరొచ్చేదాకా ఆమె మీద గొడుగులా పట్టుకున్నాడు. దిగేటప్పుడు ఆకాశం చూసి, "వాన పడలేదా?" అంది. "లేదు," అన్నాడు, తల నుంచి నీళ్ళు కారుతుంటే.

అందుకే అరిచాడు దిగొద్దని. నలుగురిలో అరవడం తప్పే. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. వారం నుంచి మాటల్లేవు.

నిన్న సాయంత్రం మాత్రం స్టాండు దగ్గర ఆమే వచ్చి, "సీటు కొంచెం ఎత్తుకోవాలి, సంచీ ఇస్తావా?" అంది. మాట్లాడిందన్న సంతోషంలో సంచీ మొత్తం ఇచ్చేశాడు.

దెర్లిస్ చెయ్యి సంచీ మీద ఆగిపోయింది.

జిప్పు తీశాడు. కీ ఎప్పుడూ ఉండే జేబులో లేదు. పక్క జేబులో ఉంది.

అడుగున చిన్న డబ్బా తగిలింది. అందులో అదనపు పిన్నులు ఉంటాయి. రెండు తీసి బిగిస్తే అయిపోతుంది. సైకిలు సిద్ధం, నిల్సా సిద్ధం, అతని మీద కోపం కూడా తగ్గుతుంది. డబ్బా బయటికి తీస్తూ తలెత్తాడు.

అందరూ అతన్ని చూస్తున్నారు. నిల్సా ఒక్కతే డబ్బాను చూస్తోంది. కళ్ళ కింద నల్లగా, పెదాలు పొడిగా. తల కొంచెం అటూ ఇటూ కదిలింది. వద్దు.

దెర్లిస్ డబ్బా సంచీలోకి జారవిడిచాడు.

"పిన్నులున్నాయా?" ప్రొఫే అడిగాడు.

"లేవు."

"కీ?"

"ఉంది." గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "నేనే తీశాను ప్రొఫే."

న్యా సెఫే బుట్ట దించేసింది. "ఒరేయ్! పొద్దున్నే నా చిపా తిన్న నోటితోనేనా ఈ మాట! ఇంకొకటి కూడా అడిగి తిన్నావు కదరా!"

ఒస్మార్ మీదికి వచ్చాడు. ప్రొఫే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"చొక్కా విప్పు," అన్నాడు.

దెర్లిస్ క్లబ్ చొక్కా విప్పి ఆయన చేతికిచ్చాడు. ప్రొఫే దాన్ని మడతపెట్టబోయి, పెట్టలేక, ఉండలా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "జడ్జిని తీసుకొస్తాను. ఎక్కడికీ కదలకు." ఆయన నడుస్తుంటే వెనక నుంచి చూసినవాళ్ళకు ఒక్కసారిగా వయసు పెరిగినట్టు అనిపించింది.

ఆయన అటు వెళ్ళగానే నిల్సా అతన్ని పక్కనున్న నీళ్ళ డ్రమ్ముల చాటుకు లాగింది.

"నీకేమైనా పిచ్చా?"

"చక్రాల్లో పిన్నులు తీసింది నేను కాదు. పిచ్చి ఎవరికో నువ్వే చెప్పు."

"ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఎందుకు తీశావు?"

ఆమె డ్రమ్ముకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఈత టోపీతో మొహం తుడుచుకుంది.

"నిద్ర కోసం," అంది.

దెర్లిస్ కూడా పక్కన కూర్చున్నాడు. చొక్కా లేని ఒంటికి ఉదయపు గాలి చల్లగా తగులుతోంది.

"ప్రొఫేతో చెప్పొచ్చు కదా."

"ఏమని? బడి పిల్లలు నా బొమ్మ వేసి ఆ కంచెకు కట్టారు, చూశావా? పళ్ళు బయటపెట్టి నవ్వుతోంది. న్యా సెఫే నాకోసం రోజూ గుడ్లు పంపుతుంది. ప్రొఫే ఊరంతా తిరిగి, ఈసారి మా అమ్మాయి ముందుంటుంది అని చెప్పాడు. ఇంతమంది ఇంత ప్రేమగా చూస్తుంటే... అలసిపోయాను, నన్ను వదిలేయండి అని ఎవరితో చెప్పను?"

"నాతో చెప్పొచ్చు."

"నువ్వు అరిచావు!"

"నువ్వూ అరిచావు. నీ గొంతే పెద్దది."

ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. నవ్వు కాదు, నవ్వుకు ముందు వచ్చేది. వెంటనే పోయింది.

"నింద ఎవరి మీదా పడదనుకున్నాను. ఎవరో ఆకతాయి పని అనుకుంటారులే అనుకున్నాను. నీ కీతోనే తీస్తూ నీ సంగతే ఆలోచించలేదు. అంత మొద్దుబారిపోయింది బుర్ర." తల మోకాళ్ళ మీద పెట్టుకుంది. "నీకు నేనంటే ఇష్టమని తెలుసు దెర్లిస్. ఆరోజు వాన పడిందని కూడా తెలుసు. దాని గురించి కూర్చుని ఆలోచించాలంటే కూడా ఓపిక లేదు."

"నాకు తొందరేం లేదు. ముందు నిద్రపో. లేచాక ఆలోచించు."

"ఎక్కువసేపు పడుకుంటే?"

"లేచేదాకా ఈగలు తోలుతుంటాను. నాకు ఇప్పుడు క్లబ్బు కూడా లేదు కదా, వేరే పనేముంది?"

ఆమె అతని చిటికెన వేలు పట్టుకుంది. పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ క్షణం నిజంగానే నిద్రపోయిందేమో అనుకున్నాడు.

"నిల్సా! ఎక్కడున్నావమ్మా!"

ఒస్మార్ గొంతు. లేచి వెళ్ళి చూస్తే, అతని రెండు చేతుల్లో రెండు చక్రాలు. వెనక స్టాండులో అతని సొంత సైకిలు చక్రాల్లేకుండా వేలాడుతోంది.

"నా చక్రాలు నీకు సరిపోతాయి. కొలిచి చూశాను. రా, బిగించేద్దాం."

నిల్సా ఆ సైకిలు వైపు చూసింది. "మరి నువ్వు?" అంది.

"నాకేముంది? ఈత ఈది వచ్చేస్తాను."

"ఏడాదంతా తయారయ్యావు కదా!"

"అయ్యాను. పొట్ట తగ్గింది, అది చాలు." ఒస్మార్ నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు. కంచె వైపు చూసి చెయ్యి ఊపాడు. అక్కడ అతని భార్య, ఇద్దరు పిల్లలు. చిన్నదాన్ని భుజాల మీద ఎక్కించుకుని ఆవిడ కూడా చెయ్యి ఊపింది. "మొదటిసారి చూడ్డానికొచ్చారు. ఈతయినా చూస్తారులే. నువ్వు గెలువు. ఈ వెధవ పని వృథా అయిందని వీడికి తెలియాలి!"

ఆ మాట దెర్లిస్‌ను చూసి అన్నాడు. దెర్లిస్ మాత్రం నిల్సాను చూస్తున్నాడు. నీరసంతో వాలిపోయే మనిషి మీద ఇంకో బస్తా వేసినట్టుంది ఆమె నిలబడిన తీరు.

ఆమె చక్రాన్ని ముట్టుకుని, చెయ్యి కాలినట్టు వెంటనే తీసేసింది.

ప్రొఫే జడ్జితో వచ్చాడు. పొట్టిగా ఉన్న ఆవిడ, మెడలో ఈల, మాటలో తొందర.

"తోటివాళ్ళ సైకిలు పాడుచేసింది ఎవరు? పేరు చెప్పండి. రెండేళ్ళ దాకా ఏ పందెంలోనూ దిగనివ్వం. త్వరగా, నాకు అవతల ఈత మొదలుపెట్టాలి."

"దెర్లిస్," దెర్లిస్ ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇంటిపేరు రాసుకోండి..."

"రాయకండి."

నిల్సా గొంతు చిన్నగానే ఉంది. అందరికీ వినబడింది.

"ఇతను అబద్ధం చెబుతున్నాడు. ఇతనికి నేనంటే ఇష్టం. అందుకని."

"అది ఊరందరికీ తెలుసులేవే!" కంచె మీద నుంచి న్యా సెఫే. "అసలు సంగతి చెప్పు!"

"అమ్మాయి వీణ్ణి కాపాడాలని చూస్తోంది," అన్నాడు ఒస్మార్. "మనసు మెత్తన."

నిల్సా పిడికిలి తెరిచింది. అరచేతిలో రెండు సన్నటి పిన్నులు. పొద్దుటి నుంచి ఎంత గట్టిగా పట్టుకుందో, చర్మం మీద రెండు గీతలు ఎర్రగా దిగబడి ఉన్నాయి.

ఒస్మార్ చేతుల్లోని చక్రాలు మెల్లగా నేలకు ఆనాయి.

ప్రొఫే ఆ పిన్నులను, తర్వాత ఆమె కళ్ళ కింది నలుపును చూశాడు. చంకలోని నీలం చొక్కాను తీసి, ఏం చేస్తున్నాడో తెలియనట్టు దాని ముడతలు సాపు చేయసాగాడు.

"అలసిపోతే చెప్పొచ్చు కదే తల్లీ," అన్నాడు.

"మీరు అడగలేదు ప్రొఫే. ఎంత దూరం పరిగెత్తావు అని అడిగారు. ఎంతసేపట్లో అని అడిగారు. ఎలా ఉన్నావు అని అడిగి ఉంటే, ఆరోజే ఏడ్చేసేదాన్ని."

ఆయన చొక్కాను దెర్లిస్ వైపు చాపాడు. మొహం వైపు మాత్రం చూడలేకపోయాడు.

"ఇవన్నీ మీరు తర్వాత చూసుకోండి," జడ్జి గడియారం చూసుకుంది. "నాకు ఒక్క పేరు కావాలి. ఎవరు?"

దెర్లిస్ నోరు తెరవబోయాడు. నిల్సా వెనక్కి చెయ్యి చాపి, చూడకుండానే అతని వేళ్ళు వెతికి పట్టుకుంది. కంచె అవతల బడి పిల్లలు, న్యా సెఫే, ఒస్మార్ భార్య, అందరూ అటే చూస్తున్నారు. ఆమె వాళ్ళందరికీ వినబడేలా గొంతెత్తింది.

"నిల్సా బెనీతెస్. గాలి తీసింది నేను."