తీగలు వదులు చేశాక

చీకటి పడ్డాక ఆ మేడ మెట్లు ఎవరూ ఎక్కరు. మూడో అంతస్తులో చివరి గది... అక్కడ ఎవరూ ముట్టుకోకుండానే గిటారు మోగుతుందని చెప్పుకుంటారు. కింద ఉండే వాచ్‌మన్ అయితే ఆ ఊసెత్తితే చాలు, చెవులు మూసుకుంటాడట.

ఆ మాట చెవిన పడగానే ఆ ఊళ్లోని ఒక గిటార్ల పిచ్చాయనకి నోరూరింది. ఇంట్లో మనుషులకి చోటు లేకపోయినా గోడలన్నీ పాత గిటార్లకి రాసిచ్చేసిన ఘనుడు మరి! దెయ్యంతో అతనికేం పని? ఆ గదిలో ఉన్న రకం గిటార్లు చేసే పనివాడు ఎప్పుడో పోయాడనీ, అవి ఇక ఒకటో రెండో మిగిలాయనీ అతనికి తెలుసు. అంతే... ఆ రాత్రే వెళ్లి తలుపు తట్టాడు.

తీసింది ఒక ముసలావిడ. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది.

“అది ఇచ్చేది కాదు బాబూ,” గుసగుసగా అంది. “అందులో మా ఆయన ఉన్నారు.”

గోడకి ఆనించిన గిటారు వైపు తిరిగి పిలిచింది. “ఏవండీ... నా భోజనం అయిందండీ.”

మ్‌మ్‌మ్... సన్నగా పలికింది తీగ.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. రోజూ ఈ ఒక్క పలుకు కోసమే బతుకుతున్నానంది.

పిచ్చాయనకి జాలేసిందనుకుంటున్నారా? నవ్వొచ్చింది. గిటారు ముందు వంగి గట్టిగా దగ్గాడు. అదే మోత...

“చూశారా? గొంతు తగిలితే బిగించిన తీగ అదురుతుంది. ఏ గిటారైనా అంతే. నా దగ్గుక్కూడా పలికింది — మరి నేనూ ఆయన పెళ్లాన్నేనా?”

తీగల మీద అరచెయ్యి అదిమిపెట్టాడు. “ఇప్పుడు పిలవండి.”

“ఏవండీ...”

చప్పుడు లేదు.

“ఏవండీ!”

లేదు...

ఆవిడ మంచం మీద కూలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. “తీసుకుపో బాబూ... ఇంక నాకెందుకు?” అంది.

ఆవిడ మనసు మారేలోపే పని కానిచ్చాడు. పాత గిటారు మోసుకెళ్లేటప్పుడు దాని మెడ వంగిపోకుండా తీగలు వదులు చేయడం ఈ పిచ్చి ఉన్నవాళ్లందరి అలవాటు. తీగలు దారాల్లా వేలాడేదాకా మరలు తిప్పాడు. ఇక మీటినా పలకవు. వెంట తెచ్చుకున్న పెట్టెలో పెట్టి, మూత బిగించి మెట్లు దిగుతున్నాడు —

పైన, మూసిన తలుపు వెనక నుంచి ఆవిడ గొంతు. “ఏవండీ... మిమ్మల్ని పంపించేశానండీ.”

పెట్టె పలికింది.

సన్నగా కాదు... చేతి ఎముకలు అదిరేలా, ఆరు తీగలూ ఒక్కసారిగా. అతను మెట్టు మీదే చతికిలబడి మూత తీశాడు. తీగలు వేలాడుతూనే ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. మోత మాత్రం ఆగలేదు...

పైన గడియ తీసిన చప్పుడు.

“బాబూ...” ఆవిడ గొంతులో ఆశ. “ఏదో వినిపించినట్టుంది. నీకూ వినిపించిందా... నా భ్రమేనా?”

పిచ్చాయన పెట్టె వైపు చూశాడు. ఇలాంటి గిటారు లోకంలో ఇంకెవరి దగ్గరా ఉండదు.

“మీ భ్రమేనమ్మా. పడుకోండి.”

మూత మూశాడు. ఆ మోత పైకి వినిపించకుండా కోటు విప్పి పెట్టెకి చుట్టి, గుండెలకి గట్టిగా అదుముకుని గబగబా మెట్లు దిగిపోయాడు.