తీగ మొన తూర్పుకు

తిరుపతి రైల్వేస్టేషన్ ఎదురు సందులో ఒక లాడ్జి. మేడమీది గదిలో గురప్ప కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. చెవులకు హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి. వీపులో సన్నటి కత్తి దిగి ఉంది. బల్ల మీద టేప్‌రికార్డర్ తిరుగుతూనే ఉంది. లోపల క్యాసెట్ మాత్రం లేదు.

కాఫీ తెచ్చిన లాడ్జి యజమానురాలు జ్ఞానాంబ అతన్ని చూసి, పాటలు వింటూ కునుకు తీస్తున్నాడనుకుంది. గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయింది. కాఫీ చల్లారిపోయాక గానీ సంగతి బయటపడలేదు.

అది ఎనభై మూడో సంవత్సరం, మామిడికాయల కాలం.

మర్నాడు చిత్తూరులో, బెల్లం మండీ పైనున్న ఆఫీసులో, చీఫ్ కృష్ణమూర్తి ముందు సీక్రెట్ ఏజెంట్ చెంగల్రాయుడు నిలబడి ఉన్నాడు.

"రేడియో గురించి నీకేం తెలుసు రాయుడూ?"

"ఆన్ చేస్తే పాటలొస్తాయి సార్."

"అంతేనా?"

"ఆఫ్ చేస్తే ఆగిపోతాయి."

చీఫ్ నవ్వలేదు. చనిపోయిన గురప్ప ఆయన చేతికింద పెరిగిన మనిషి. డ్రాయరు లాగి ఒక ఫొటో బల్ల మీదికి తోశాడు.

"హాల్డెన్. నగరిలో లుంగీలు కొని ఎగుమతి చేసే దొర అని ఊరంతా అనుకుంటుంది. అసలు పని గూఢచర్యం. తడ అవతల సముద్రపు ఒడ్డున మనవాళ్లు కొత్త రాడార్ పెడుతున్నారు. ఆ రాడార్‌కు కనపడని దిక్కు ఒకటుంది. అదేదో వీడికి తెలిసిపోయింది. తూర్పున నడిసముద్రంలో వాళ్ల ఓడ కాచుకుని ఉంది. ఆ ఒక్క ముక్క ఓడకు చేరిందంటే మన తీరం తలుపు తెరిచిపెట్టినట్టే."

"రేడియోలో పంపుతారా?"

"అవును. సెట్టు నడిపేది పంకజాక్షి." చీఫ్ గొంతు తగ్గించాడు. "మన మనిషే. ఆ ముఠాలో మనం పెట్టిన డబుల్ ఏజెంట్. ఆమె కబుర్లన్నీ గురప్ప ద్వారానే వచ్చేవి. గురప్ప పోయాడు, కబుర్లూ ఆగిపోయాయి."

"చంపించింది ఆమేనంటారా?"

"అది తేల్చడమే నీ పని. బయటికి ఆమె, సొంత సెట్టు పెట్టుకునే సరదా ఉన్నవాళ్లకు హామ్ రేడియో టీచరు. యాంటెన్నా పాఠాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి పీలేరు, మదనపల్లె కుర్రాళ్లకు బస్సులో పంపుతుంది. ఇవిగో. మూడోది గురప్పతోపాటే పోయింది. ఇవి విని నేర్చుకో. శిష్యుడిగా వెళ్లు. మన కోడ్ వర్డ్ తెలుసుగా?"

"నీలం కాయ దిగిందా అంటే, దిగింది, పులుపు తగ్గలేదు అనాలి."

"ఆమె అడిగినా నువ్వు అనకూడదు. ఆమె అమ్ముడుపోయి ఉంటే నువ్వు రెండో గురప్పవి. రాడార్ కబురు పంపడానికి ఆమె సెట్టు ముందు కూర్చుంటే..."

"కూర్చుంటే?"

"కాల్చెయ్."

చెంగల్రాయుడు బంగారు ఫ్రేము కళ్లద్దాలు పెట్టుకుని, తెచ్చిపెట్టుకున్న మీసంతో నూలు బ్రోకరుగా అదే లాడ్జిలో దిగాడు. తలుపు గడియ పెట్టి మొదటి క్యాసెట్ వేశాడు.

"భయపడొద్దండి," అంది ఒక ఆడగొంతు. "యాంటెన్నా అంటే తీగే. మీ ఇంట్లో బట్టలారేసే తీగకూ దీనికీ తేడా ఏమంటే, ఇది కొలిచి కట్టింది. సూడండి, అల ఎంత పొడుగుండాదో అందులో సగం తీగ తీసుకోండి. నడిమికి కోయండి. రెండు కాళ్లూ సమంగా ఉండాల. ఆ నడిమి నుంచి సెట్టుకు కేబుల్ దించితే అదే డైపోల్."

అంతలో కుక్కర్ కూత. "ఒక్క నిమిషం, అన్నం దించొస్తా." కాసేపు టేపులో ఎవరూ లేరు. దూరంగా రేణిగుంట వైపు వెళ్లే రైలు చప్పుడు, గిన్నె మూత చప్పుడు. తర్వాత ఆమె తిరిగొచ్చి ఏమీ జరగనట్టు పాఠం అందుకుంది. ప్రతి క్యాసెట్ చివరా పెన్నుతో బల్ల మీద మోర్స్ కోడ్ కొట్టేది: డి-డి-డి-డా-డి-డా. "అంటే పని ముగిసింది, ఇంక ఆపేయండి అని."

రాయుడు ఆపలేకపోయాడు. పాఠం అర్థం కాక మొదట వెనక్కి తిప్పాడు. అర్థమయ్యాక కూడా తిప్పాడు, ఆ అన్నం దించే చోటికి. తిరిగొచ్చేదాకా కాచుకుని కూర్చునేవాడు. ఒంటరి మనిషి. ఎవరి వంటింటి చప్పుడూ విని ఎరగడు. ముఖం చూడకముందే ఆ గొంతును ప్రేమించాడు. గూఢచారికి ఇది ఎంతమాత్రం మంచి లక్షణం కాదు.

నేర్చుకున్నది చూద్దామని లాడ్జి మేడమీద తీగ కట్టాడు. సాయంత్రానికి దాని మీద నాలుగు చీరలు, రెండు దుప్పట్లు ఆరుతున్నాయి.

"జ్ఞానాంబక్కా! అది బట్టలకు కట్టింది కాదు!"

"మరి దేనికప్పా?"

"చెప్తే నీకు అర్థం కాదులే."

"అర్థం కాని తీగ నా మేడమీద ఎందుకు?" అని ఆమె ఇంకో లంగా తెచ్చి ఆరేసింది.

పంకజాక్షి మీగడ రంగు ఫియట్ కారు తనే నడుపుకుంటూ వస్తే తిరుపతి వీధుల్లో సైకిళ్లు తమంతట తామే ఆగిపోయేవి. నల్లకళ్లద్దాలు, చేతుల్లేని జాకెట్టు, గాలికెగిరే షిఫాన్ చీర. ఆ వేషానికీ, టేపులో అన్నం దించొచ్చిన గొంతుకూ పొత్తు కుదరలేదు. శిష్యుడిగా ఆమె ఇంటికి వెళ్లి, పేరు రాయుడని చెప్పి, మూడో పాఠం అడిగాడు. ఆమె నోరు తెరిచాక పొత్తు కుదిరింది.

"మూడో పాఠం రాలేదా? ఒకడికిచ్చినా. తిరిగి రాలేదు." మెట్ల వైపు నడిచింది. "మేడమీదికి రండి, నోటితోనే చెప్తా."

మేడమీద అతని చేతికి బారెడు తీగముక్క ఇచ్చింది. "ఇనేవాడు తూర్పున ఉండాడు అనుకో. ఇది ఎట్ల కడతావు?"

రాయుడు తీగ మొనను తూర్పుకు తిప్పి పట్టుకున్నాడు. ఆమె పకపకా నవ్వింది.

"అందరూ చేసే తప్పు ఇదే. తుపాకి గురిపెట్టినట్టు మొన పెడతారు. తీగ పక్కలకు మాట్లాడుతుంది అబ్బా. మొన ఎటుంటే అటు మూగది. ఓడకు ఇనపడాలంటే..." ఆగింది. "తూర్పుకు ఇనపడాలంటే ఉత్తరం దక్షిణం కట్టాల."

ఓడ! రాయుడు ఆ మాట పట్టుకున్నాడు. ఆమె అతని చేతులు పట్టుకుని తీగను అడ్డంగా తిప్పింది. ఒక చేత్తో అతని చెయ్యి పట్టుకునే, రెండో చేత్తో కళ్లద్దాలు తీసి నేరుగా చూసింది. ఆమెవి ఏడ్చి అలిసిన కళ్లు.

"రాయుడూ, నీలం కాయ దిగిందా?"

జవాబు నాలుక చివరికి వచ్చింది. ఒక్క మాట. చీఫ్ ముఖం, గురప్ప వీపు కళ్లముందు మెదిలాయి.

"నాకు మామిడి పడదండి."

ఆమె చెయ్యి వదిలేసింది. కళ్లద్దాలు పెట్టుకుంది. "పడనోళ్లకు పెట్టకూడదు లే. పాఠం అయిపోయింది, పోయిరా."

ఆ రాత్రి రాయుడికి నిద్ర లేదు. ఆమె దోషి కాకూడదని వెంకన్నకు మొక్కుకున్నాడు. డిపార్ట్‌మెంట్ రూల్స్‌లో మొక్కుబడులకు చోటు లేదు. అయినా మొక్కుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫియట్ బయలుదేరింది. రాయుడు మోటారుసైకిల్ మీద వెంట పడ్డాడు. వడమాలపేట, పుత్తూరు దాటి నగరి శివార్లలో ఒక పవర్‌లూమ్ షెడ్డు ముందు కారు ఆగింది. దారిలో కారు పెట్రోలుకు ఆగినప్పుడే పుత్తూరు నుంచి చీఫ్‌కు ఫోన్ కొట్టాడు. "జీపుల్లో వస్తున్నాం. నాలుగింటికి ఓడ వింటుంది. ఆలోపల నీ పని నువ్వు చెయ్," అన్నాడు చీఫ్. చీఫ్‌గారి జీపులు పుత్తూరు రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి కోసం ఆగిపోతాయని ఇద్దరిలో ఎవరూ ఊహించలేదు.

రాయుడు షెడ్డు రేకుల మీదికి పాకాడు. లోపల మగ్గాల మోత ధడధడమంటోంది. గాలికోసం వదిలిన కంతలోంచి చూశాడు. బల్ల మీద పెద్ద ట్రాన్స్‌మిటర్. దాని ముందు పంకజాక్షి. వెనక హాల్డెన్.

కూర్చుంది. చీఫ్ చెప్పినట్టే కూర్చుంది.

పిస్తోలు తీశాడు. గురి కుదిరింది. వేలు మాత్రం కదల్లేదు. చూపు మరల్చుకోవడానికి తల పైకెత్తాడు. అప్పుడు కనపడింది తీగ. రెండు కొబ్బరిచెట్ల మధ్య బిగించి కట్టిన డైపోల్. నడిమి నుంచి దిగిన కేబుల్ అతని మోకాలి పక్కనుంచే షెడ్డులోకి పోతోంది.

పెన్ను మూత తిప్పాడు. అందులో దాచిన దిక్సూచి ముల్లు ఊగి నిలబడింది. మళ్లీ చూశాడు. అనుమానం లేదు.

తీగ మొన తూర్పుకుంది!

మొన ఎటుంటే అటు మూగది. శిష్యులందరికీ వద్దని చెప్పిన తప్పును ఆమె ఇక్కడ కావాలనే చేసింది. ఇన్నాళ్లూ హాల్డెన్ పంపిందేదీ ఓడకు సరిగా వినపడి ఉండదు. దొర పెద్ద సెట్టు కొని ఉంటాడు, ఇంకా పెద్దది కొని ఉంటాడు. తీగను మాత్రం తుపాకిలా గురిపెట్టి తృప్తి పడి ఉంటాడు. గురప్ప పోయాక ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక, నిన్న మేడమీద ఈ వెధవను అడిగింది.

రాయుడి కళ్లు మసకబారాయి. పిస్తోలు దించాడు.

అదే క్షణంలో మగ్గాలు ఆగిపోయాయి. షెడ్డు మేస్త్రీ కుప్పుస్వామి టేప్‌రికార్డర్ పట్టుకుని లోపలికి ఉరికాడు. మీట నొక్కాడు. నిశ్శబ్దంలో పంకజాక్షి గొంతే పలికింది: "అందరూ చేసే తప్పు ఇదే..."

మూడో క్యాసెట్.

"దొరా! మన వెనక కాపేసిన గురప్పను పొడిచి పీక్కొచ్చిందే ఇది. పాఠమే గదాని మూలన పడేసింటి. నిన్న మళ్లీ ఇంటే అప్పుడు తెలిసె. ఈయమ్మ మన నెత్తిన టోపీ పెట్టింది. తీగ మొన మూగదంట!"

ఆమె పాఠాన్ని శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లు ఇద్దరే. ప్రేమించినవాడొకడు, హంతకుడొకడు.

హాల్డెన్ తెలుగును గ్రంథాల్లో నేర్చుకున్నాడు. "ఎందువలన ఇట్లు చేసితివి?" అని పిస్తోలు ఆమె కణతకు ఆనించాడు. "కుప్పుస్వామీ, ఆ తీగను తక్షణమే త్రిప్పించుము."

రాయుడు కనపడకుండా రేకులకు కరుచుకుని పడుకున్నాడు. బయట కూలీలు తీగ కొసలు విప్పి, ఉత్తరాన ఒక చెట్టుకు, దక్షిణాన ఒక గుంజకు లాగి కట్టారు. ఇప్పుడు తీగ నేరుగా ఓడతో మాట్లాడుతుంది.

"ఇక నీ హస్తము అవసరము లేదు," అన్నాడు హాల్డెన్. సందేశాన్ని ఆమె చేత ముందే టేపు మీద కొట్టించి పెట్టుకున్నాడు. ఆ టేపును సెట్టుకు తగిలించి మీట నొక్కాడు. సందేశానికి ముందున్న ఖాళీ టేపు సుయ్‌మంటూ తిరగసాగింది.

కంతలోంచి రాయుడికి కనపడేది ఆమె, ఆమె కణత మీది పిస్తోలు, దాన్ని పట్టుకున్న చెయ్యి. హాల్డెన్ ఆమె చాటున ఉన్నాడు. కాలిస్తే తూటా ఆమెకే తగులుతుంది. చెప్పు మడమలోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. కేబుల్ కోస్తే సెట్టు మీద మీటరు ముల్లు పడిపోతుంది. హాల్డెన్‌కు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు.

కోయలేకపోయాడు. దేశం, తీరం, రాడార్ అన్నీ తెలుసు. తెలిసీ చెయ్యి రాలేదు.

పంకజాక్షి తల కొంచెం ఎత్తింది. కంతలో అతని ముఖం కనపడింది. ఆశ్చర్యపోలేదు. బల్ల మీద గోటితో మెల్లగా కొట్టింది.

డి-డి-డి-డా-డి-డా.

పని ముగిసింది, ఇంక ఆపేయండి.

టేపులో సందేశం మొదటి చప్పుడు మొదలవుతుండగా రాయుడు కేబుల్ కోసేశాడు. ముల్లు పడిపోయింది. పిస్తోలు పేలింది.

రేకు పగలగొట్టుకుని లోపలికి దూకాడు. హాల్డెన్ మళ్లీ గురిపెట్టేలోగా కాల్చాడు. దొర నూలు కండెల మీద కూలాడు. పారిపోబోయిన కుప్పుస్వామి, ఎట్టకేలకు గేటు దాటి వచ్చిన జీపులకు ఎదురుపోయి దొరికాడు. ట్రాన్స్‌మిటర్ మీద టేపు ఇంకా తిరుగుతూ రాడార్ రహస్యాన్ని ఎవరికీ చేరకుండా చెబుతూనే ఉంది.

రాయుడు ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నాడు. నల్లకళ్లద్దాలు పగిలి ఎక్కడో పడ్డాయి.

"రాయుడూ," అంది. "నీలం కాయ దిగిందా?"

"దిగింది." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పులుపు తగ్గలేదు."

ఆమె పెదవులు నవ్వబోయాయి. "ఆ మాట నిన్ననే అనింటే ఏం పొయ్యేది అబ్బా..."

తర్వాత ఏమీ అనలేదు. రాయుడు చాలాసేపు పిలుస్తూనే ఉన్నాడు.

చీఫ్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తప్పు తనదేనన్నాడు. ఆమె పేరు బయటపెట్టకూడదని పైనుంచి ఆర్డరు వచ్చిందని కూడా అన్నాడు. 

మర్నాడు లాడ్జి గదిలో మొదటి క్యాసెట్ వేసుకున్నాడు. కుక్కర్ కూసింది. "ఒక్క నిమిషం, అన్నం దించొస్తా." రైలు వెళ్లింది. మూత చప్పుడయింది. ఆమె తిరిగి రాకముందే టేపు ఆపేశాడు. వచ్చాక పాఠం అయిపోతుంది. అయిపోయాక ఆ పెన్ను చప్పుడు వినాలి. ఆమెను వంటింట్లోనే ఉండనిచ్చి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మేడమీదికి వెళ్లేసరికి జ్ఞానాంబ తడిబట్టల బుట్టతో తీగ దగ్గర నిలబడి ఉంది. ఇతన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమప్పా, ఇప్పుడైనా చెప్తావా, ఈ తీగ దేనికో?"

చెంగల్రాయుడు బుట్టలోంచి ఒక చీర తీసి, విదిలించి, కొసలు సమంగా చూసి తీగ మీద వేశాడు.

"బట్టలకే జ్ఞానాంబక్కా. కాకపోతే కొలిచి కట్టింది."