ఇచ్చేదీ, తాగేదీ

యతిరాజులు వీధి వసారాలో కూర్చుని కాఫీ తాగుతుంటే బ్రోకర్ కుప్పుసామి వచ్చాడు. మైలాపూరులో ఒక జర్మనీ దొర సొంత దేశం పోతూ కారు అమ్ముతున్నాడట. బండి అద్దంలా ఉందట.

"ఎంత ఇస్తాదిరా?" అన్నాడు యతిరాజులు. మద్రాసు కొత్వాల్ చావడి బజారులో మిరపకాయల మండీ ఆయనది. బండైనా, బర్రెగొడ్డైనా, మనిషైనా ఆయన మొదట అడిగేది ఆ మాటే.

"దొర తొమ్మిది అన్నాడు సామీ."

యతిరాజులు పెదవి విరిచాడు. తమ పాత అంబాసిడరే లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుంటే ఈ తొమ్మిది ఎవరికి కావాలని కసిరాడు.

లోపల కోడలు కోకిల కూతురికి జడ వేస్తోంది. హైమకు ఎనిమిదో తరగతితో బడి చాలని మామగారు నిన్ననే తేల్చేశారు. భర్త తండ్రి మాటకు ఎదురాడే మనిషి కాదు. తన చదువూ అదే తరగతిలో ఆగిపోయింది కాబట్టి కోకిలకు రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

తాత మాట విని హైమ ఫక్కున నవ్వి బయటికి పరిగెత్తింది.

"తాతా, దొర చెప్పింది ఇచ్చేది కాదు, తాగేది. వాళ్ల దేశంలో నూరు కిలోమీటర్లకు బండి ఎన్ని లీటర్లు తాగతాదో చెప్తారు. అంకె తగ్గేకొద్దీ మేలు. మన లెక్కలో ఇది పదకొండు ఇస్తాది."

కుప్పుసామి బుర్ర గోక్కున్నాడు. పెద్దాయన ముసిముసిగా నవ్వి, అంతలోనే మొహం ముడుచుకున్నాడు.

"తెలివుందిలే. అయినా ఆడపిల్ల చదువు ఎంత తినేస్తాదో నీకేం తెలుసు?"

ఏనాడూ మామగారి ముందు నోరెత్తని కోకిల గడప దాటింది.

"మామా, దీని తమ్ముడు బాబుకైతే రేపు ఎంత ఇస్తాడో అంటారు. దీనికి మాత్రం ఎంత తింటాదో అంటారు. ఇద్దరూ ఈ ఇంటి బిడ్డలే కదా. కొలత ఒకటే పెట్టండి."

అరుస్తారనుకుంది. ఆయన చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత కుప్పుసామిని రేపు రమ్మని, కండువా భుజాన వేసుకున్నారు.

"దా పాపా, మీ బడికి పోదాం. టీచరమ్మ ఆడ ఇంగ్లీషులో అడిగితే నువ్వే చెప్పాల. నాకు రాదు."

వీధి మలుపులో పక్కింటి రంగనాథం ఎదురై, ఎక్కడికని అడిగాడు.

"మా మనవరాలి బడికబ్బా. కాలేజీ దాకా చదవతాది," అంటున్న మామగారి గొంతు గుమ్మం దాకా వినిపించింది.

కాలేజీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తనేలేదు. కోకిల కళ్లు తుడుచుకోలేదు. వీధిలో పోయేవాళ్లంతా చూడాలన్నట్టు, తలెత్తుకుని అక్కడే నిలబడింది.