తల్లి నంబరు

బూర్గంపాడు దాటాక అడవి రోడ్డు మొదలయ్యే మలుపులో ఒక మిషన్ ప్రసూతి ఆసుపత్రి ఉంది. పెంకుల వరండా, వెనక స్టాఫ్ క్వార్టర్లు, వార్డుకు ఆనుకొని రికార్డు గది. ఆ గదికి ఫ్లోరెన్స్ ఇన్‌చార్జి. నడివయసు మనిషి. మాట తక్కువ. ఆ తక్కువలో సగం చీవాట్లే.

చీవాట్లు తినేవాళ్ళకు అక్కడ కొదవ లేదు. కౌంటర్‌లో కూర్చునే పిల్ల ఒకే గర్భిణిని రెండుసార్లు ఎక్కిస్తుంది. అదేందే అంటే, "సిస్టమ్ ఒప్పుకోలే మేడం, ఇంటిపేరు మార్చి కొట్టిన" అంటుంది. ఫార్మసీవాడు రికార్డు తెరిచి, సగం మార్చి, సేవ్ చేయకుండా టీకి పోతాడు. వాడు తిరిగొచ్చేదాకా ఆ రికార్డుకు లాక్ పడి ఉంటుంది, ఇంకెవరూ ముట్టుకోలేరు. బయట నిలబడ్డ ఆడవాళ్ళకు కాళ్ళు వాస్తుంటాయి.

"కంప్యూటర్ల దెయ్యం జొర్రింది మేడం" అంటాడు పైగా.

"మీ పనులు జూస్తే దెయ్యమన్న ఉంటదా? ఎప్పుడో పారిపోయి ఉంటది" అనేది ఫ్లోరెన్స్.

ఆ వానాకాలం పాత డేటాబేస్‌లో ఉన్నదంతా కొత్త సర్వర్‌కు మార్చే పని పడింది. ఖమ్మం నుంచి ప్రభు అనే టెక్నీషియన్ వచ్చాడు. మెడలో ఐడీ కార్డు, చెవిలో వైరు. ఏ రోగానికైనా ఒకటే మందు: ఆపి మళ్ళీ ఆన్ చేయడం. ఫ్లోరెన్స్‌కు అతన్ని చూస్తే చిరాకు. కానీ పని తొందరది. ఆమె కూతురు అక్సా తొలి కాన్పుకు వచ్చి క్వార్టర్లో ఉంది. నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది. అక్సా స్కానింగులు, రక్తం గ్రూపు, బీపీ రాతలు అన్నీ ఆ పాత డబ్బాలోనే ఇరుక్కున్నాయి.

మార్చే పని పిల్లల టేబుల్ దగ్గర ఆగింది.

ఆ లెక్క తేలికే. టేబుల్ అంటే పేర్ల పట్టిక; తల్లులది ఒకటి, పిల్లలది ఒకటి. ప్రతి పిల్ల పక్కన తల్లి నంబరు ఉండాలి. ఆ నంబరు తల్లుల టేబుల్‌లో కనబడాలి. కనబడకపోతే కొత్త సర్వర్ ఆ పిల్లను గడప తొక్కనివ్వదు. గుంపుకు గుంపు పిల్లలు అట్లా బయటే నిలబడిపోయారు.

"వీళ్ళ తల్లులేరి?" అడిగింది ఫ్లోరెన్స్.

ప్రభు ఏవో తిప్పి తిప్పి చూసి తల గోక్కున్నాడు. "కాన్పుల చనిపోయినోళ్ళు మేడం. మీకన్న ముందున్న సార్ తీసేసిండు. సిస్టమ్ స్లో అయితుందని. చనిపోయినోళ్ళు మళ్ళ చెకప్‌కు రారు గదా, జాగా ఎందుకు అన్నడంట."

"స్లో అయితే జల్ది వెతికేటందుకు ఇండెక్స్ వేస్కోవాలె. మనుషులను తీసేస్తరా ఎవరన్న?" ఆమె పెదవి వంకర తిరిగింది. "బ్యాకప్ ఉన్నదా, అదన్న లేదా?"

"రోజూ తీస్తున్నం మేడం."

తెరిచారు. ఫైళ్ళున్నాయి, లోపల ఏమీ లేదు. ఏళ్ళకేళ్ళు ఖాళీ సంచిని మూతి కట్టి అటక మీద పెట్టినట్టు పెట్టారు. విప్పి చూసిన పాపాన ఒక్కడూ పోలేదు.

"తల్లి ఉందా లేదా అని చూసే చెకింగ్ ఆపేద్దాం మేడం. పిల్లలు ఎక్కేస్తరు."

"ఆపినంక అది డేటాబేస్ ఎట్లయితది? చాట అయితది. అన్నీ దాంట్ల పోసి చెరుగు."

ఉత్తుత్తి తల్లిని ఒకామెను ఎక్కిద్దామని చూశారు. కొత్త సర్వర్ ఫోన్ నంబరు అడిగింది. ఆ ఫోన్‌కు వచ్చిన కోడ్ అడిగింది. లేని మనిషికి ఫోనెక్కడిది? అప్పుడు ఫ్లోరెన్స్‌కు తట్టింది. అక్సా పుట్టింది ఈ ఆసుపత్రిలోనే. తల్లుల టేబుల్‌లో తన నంబరు ఉంది, దానికి తన ఫోనూ ఉంది. ఆ పిల్లలందరినీ తన నంబరుకు కడితే? టేబుల్ ఎక్కుతుంది, దాని వెనక మిగతావీ కదులుతాయి. సాయంత్రం కూర్చొని విప్పేయొచ్చు.

నేల తుడుస్తున్న ఆయా చిన్నక్క నడుం నిలబెట్టి నవ్వింది. "ఏందమ్మా, ఒక్కపారే గింతమంది పిల్లలా నీకు?"

"అవ్. నొప్పులు గూడ రాలే."

"మరి ఆళ్ళ తల్లులనడిగినవా?"

"యాడికి పోయి అడగాలె? బొందల గడ్డకా?"

చిన్నక్క నవ్వు ఆగింది. "మా దిక్కు అడుగుతరమ్మా. తల్లి సచ్చిన పిల్లను తెచ్చుకునేటోళ్ళు, మట్టి చేసిన కాడికి పోయి, నీ బిడ్డను తీస్కపోతున్న అని జెప్పి తెచ్చుకుంటరు. నోటితోటి ఒక్క మాట. గంతే."

"మీ దిక్కు సర్వర్లు లేవు గద" అని ఫ్లోరెన్స్ ఎంటర్ కొట్టింది.

పిల్లలందరూ ఎక్కేశారు. ఒక్క తప్పూ చూపలేదు. ప్రభు చేతులు దులుపుకొని ఖమ్మం బస్సుకు పోయాడు. చిన్నక్క బకెట్ తీసుకొని వార్డుకు పోయింది, వెనక్కి చూడకుండా.

పొద్దు గూకకముందే వాన అందుకుంది. అడవి వైపు నుంచి వచ్చే వాన ముందు చప్పుడు చేస్తుంది, తర్వాత తడుపుతుంది. టేకాకుల మీద దూరంగా మొదలైన మోత దగ్గరికొచ్చి పెంకుల మీద పడింది. వరండాలో దీపాలు పోయాయి. రికార్డు గదిలో మాత్రం ఇన్వర్టర్ మీద ఒక బల్బు, ఒక స్క్రీన్. స్టాఫ్ ఇళ్ళకు పోయారు. తడి గోడల వాసన, ఫినాయిల్ వాసన.

ఫ్లోరెన్స్ ఫోన్ గుర్రుమంది. ఆసుపత్రి మెసేజ్. "అమ్మా, మీ బిడ్డకు టీకా వేయించండి."

మళ్ళీ గుర్రుమంది. ఇంకో బిడ్డ. మళ్ళీ. ఇంకో బిడ్డ.

కొత్త సర్వర్ తల్లుల ఫోన్లకు తనంతట తానే పంపుతుంది. ఆ మాత్రం అర్థం కాని మనిషి కాదామె. "తొలిరోజే తిక్క మొదలువెట్టింది" అని గొణిగి, ముడి విప్పేద్దామని కుర్చీ లాక్కుంది.

విప్పేందుకు ఒక్క లైను కొడితే చాలు. కొట్టింది.

వేచి ఉండండి, అంది స్క్రీన్. ఈ రికార్డులు మరొకరి చేతిలో ఉన్నాయి.

లాక్. ఫార్మసీవాడి పనే. ఏ కంప్యూటర్ నుంచి పట్టుకొని కూర్చున్నాడో చూసింది. పేరు కనబడింది: కాన్పుల గది.

కాన్పుల గది కంప్యూటర్ పోయిన ఏడే చెడిపోయింది. తుక్కులో వేయడానికి తెచ్చి ఈ గదిలోనే మూలకు పెట్టారు, మీద పాత దుప్పటి కప్పి. ఫ్లోరెన్స్ తల తిప్పి చూసింది. దుప్పటి అట్లాగే ఉంది. వైరు నేల మీద చుట్ట చుట్టి ఉంది.

పాత పేరే కొత్త దానికి పెట్టి ఉంటారు దద్దమ్మలు, అనుకుంది. ఆ కంప్యూటర్ కనెక్షన్‌ను తెంపేసింది. పోయింది. ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ వచ్చింది. తెంపింది. మళ్ళీ వచ్చింది.

అది సర్వర్‌ను ఏం అడుగుతోందో చూసింది. ఒకటే ప్రశ్న. మళ్ళీ మళ్ళీ అదే.

ఫ్లోరెన్స్ నంబరు కింద ఉన్న పిల్లలెవరు?

ఆమె ప్రభుకు ఫోన్ చేసింది. బస్సు హోరులో అతని గొంతు.

"నువ్వేమన్న లోపలికి జొర్రినవా?"

"లేదు మేడం, నాకాడ లాప్‌టాపే తెరవలే. ఏంది?"

"ముడి విప్పనిస్తలేదు."

"అయితే తల్లుల టేబుల్‌ల మీ రికార్డే తీసేయండి మేడం. తల్లి పోతే దానికి కట్టిన పిల్లలు గూడ పోతరు. కొత్త సర్వర్‌ల అట్లనే పెట్టినం. రేపు మళ్ళ ఎక్కిద్దాం."

"దాని కింద నా అక్సా గూడ ఉన్నది."

"రికార్డే గద మేడం."

ఆమె నోటికొచ్చిన మాట అనబోయింది. లైను తెగిపోయింది.

గదిలో వాసన మారింది. ముందు ఆమె పట్టించుకోలేదు. ఫినాయిల్ కింద నుంచి వేరే వాసన… పసుపు, పచ్చి పాలు, పచ్చి నెత్తురు. బాలింత వాసన. వార్డు తలుపు మూసే ఉంది. కిటికీ మూసే ఉంది.

తర్వాత చప్పుడు. మెత్తగా. తప్… తప్… తప్… చంటిపిల్లను భుజాన వేసుకొని వీపు మీద తట్టే చప్పుడు. ఆమెకు తెలియని చప్పుడు కాదు.

స్క్రీన్ మీద ఒక పిల్ల మాయమైంది.

ఆమె నంబరు కింద నుంచి తప్పుకుంది. ఎటు పోయిందని వెతికితే దొరికింది. తల్లి గడిలో పాత నంబరు వచ్చి కూర్చుంది. తీసేసిన నంబరు. తల్లుల టేబుల్‌లో లేని నంబరు. పొద్దున్నుంచి గడప దగ్గర అంత గొడవ చేసిన సర్వర్ ఇప్పుడు నోరెత్తలేదు.

తప్… తప్… ఇంకో పిల్ల. ఆ చప్పుడు ఒక చోట ఆగుతుంది, ఇంకో చోట మొదలవుతుంది. తలుపు దగ్గర. బీరువా వెనక. ఆమె కుర్చీ పక్కన. ఎవరూ లేరు. వాసన మాత్రం చిక్కబడుతోంది. పిల్లలు ఒక్కొక్కరే పోతున్నారు, ఎవరి పిల్లను వాళ్ళు ఎత్తుకు పోతున్నట్టు.

ఫ్లోరెన్స్ కీబోర్డు వదిలి వెనక్కి జరిగింది. కానీ నోరు ఆగలేదు. అలవాటైన నోరు. భయం వేసినప్పుడు ఆ నోట్లోకి ముందు తిట్టే వస్తుంది.

"తీస్కపోండి" అంది గదితో. "నాకేం జేస్కోను? ఇన్నేండ్లు ఎటు వోయిండ్రు మీరు? ఇయ్యాల యాదికొచ్చిండ్రా పిల్లలు? తల్లులంట… తల్లులు!"

తట్టే చప్పుడు ఆగింది.

అన్ని చోట్లా ఒకేసారి ఆగింది. వాన కూడా దూరం జరిగినట్టయింది. ఆ మౌనంలో ఎవరో, చాలామంది, ఒక్కసారి తన వైపు తిరిగినట్టు ఆమె వీపుకు తెలిసింది.

స్క్రీన్ మీద ఆమె నంబరు కింద ఇంకొక్క పేరే మిగిలి ఉంది.

అక్సా.

"అది నా బిడ్డ" అంది ఫ్లోరెన్స్. "నా సొంతం… నేను కన్న…"

తల్లి గడిలో ఆమె నంబరు చివరి అంకె పోయింది. ఎవరో ఒక్కొక్కటే చెరుపుతున్నట్టు. ఆమె గబగబా కొట్టింది. వేచి ఉండండి. మళ్ళీ కొట్టింది. వేచి ఉండండి. మరొకరి చేతిలో ఉన్నది.

"అడగకుండనే చేసిన… తప్పైంది…" గుసగుసగా అంది. "తప్పైంది తల్లీ…"

గడి ఖాళీ అయింది. అందులో ఒక కొత్త నంబరు పడటం మొదలైంది. ఒక అంకె… ఇంకొకటి…

ఫ్లోరెన్స్ వంగి ఇన్వర్టర్ వైరు పట్టుకొని గుంజింది. స్క్రీన్ ఆరింది. గది చీకటైంది. ఆ చీకట్లో ఆమె చెవి పక్కనే ఎవరో మెల్లగా, ఛీ కొట్టినట్టు, "త్చ్" అన్నారు.

ఆమె పరుగెత్తింది. వరండా, వాన, బురద. చెప్పు ఒకటి ఎక్కడో ఊడింది. క్వార్టర్ తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసింది.

కిరోసిన్ దీపం వెలుగుతోంది. అక్సా మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుంది. రెండు చేతులూ కడుపు మీద. మొహం ప్రశాంతంగా ఉంది. నొప్పులు లేవు, ఏమీ లేదు. కూతురు బాగుంది. ఫ్లోరెన్స్ ద్వారబంధం పట్టుకుంది. కళ్ళ నీళ్ళూ వాన నీళ్ళూ కలిసిపోయాయి.

"బిడ్డా… లే… పోదాం పా… ఈడ ఉండొద్దు…"

అక్సా పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగ మాట్లాడండి ఆంటీ" అంది గుసగుసగా. "మా అమ్మ ఇప్పుడే పండుకుంది."

ఫ్లోరెన్స్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఏందే ఆ మాటలు… నేనేనే… అమ్మను…"

అక్సా ఆమెను పైనుంచి కిందికి చూసింది. తడిసిన చీర, ఒంటి చెప్పు, బురద. ఆ చూపు ఫ్లోరెన్స్ ఎరిగిన చూపే. రోజూ కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ళను తను చూసే చూపు.

"రికార్డు గది మేడం గద మీరు?" అంది అక్సా. "పొద్దుగాల రాండి. ఇంట్ల జొర్రుడేంది, గిట్ల?"

ఫ్లోరెన్స్ మంచం వైపు చూసింది. గోడ పక్కన అక్సా. ఇవతలి సగం ఖాళీ. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది.

ఆ ఖాళీ వైపు పరుపు కుంగి ఉంది.

ఎవరో ఒత్తిగిల్లినట్టు మంచం కిర్రుమంది. అక్సా కదల్లేదు.